జోడ్‌భావి పేట్ జొన్నరొట్టె

షోలాపురమున జోడ్‌భావి పేట్ మొదలగు నేతవాడల చరిత్రను వ్రాయువారు సాధారణముగా మగ్గముతో నారంభించి మిల్లుతో ముగింతురు. 1860లో రైలు వచ్చుట, 1877లో మొరార్జీ గోకుల్‌దాసు నూలుమిల్లు నడవ మొదలిడుట, నైజాము రాజ్యపు తెలంగాణ పల్లెలనుండి పద్మశాలి కుటుంబములు తరతరములుగా వలసవచ్చుట ఎల్లరు నెఱిగినవే. ఆ నేతగాని కంచములోని గింజను గూర్చి మాత్రము వారు మౌనము వహింతురు. నాకా కంచమే ముఖ్యముగ తోచుచున్నది.

వలసవచ్చినవారు తమ భాషను, తాము మూలపురుషునిగా నెంచు మార్కండేయుని, గుంటమగ్గమును వెంట దెచ్చుకొనిరి. జొన్నను మాత్రము తేవలసిన పని లేకపోయెను. షోలాపురపు నల్లరేగడి నేల జొన్నకు ప్రసిద్ధము. మంగళవేఢె జొన్నకు నేటికిని పేరున్నది. మోహోళ్‌లో నెన్నిక చేయబడిన మాల్దండి 35-1 రకము దక్కను నేలలందు విస్తారముగా వ్యాపించినది. తెలంగాణలో గటకయు, అంబలియు, రొట్టెయునై యాకలి తీర్చిన ధాన్యమే యిచ్చట భాక్రి యనుపేర వారి కెదురయ్యెను.

ఈ ధాన్యముపై 1960లో హైదరాబాదునుండి యొక యభియోగము వెలువడెను. 1918లో కూనూరున వైద్యుడు మక్కారిసన్ ఆరంభించిన పరిశోధనశాల అప్పటికి హైదరాబాదునకు తరలివచ్చియుండెను. నేటి జాతీయ పోషకాహార సంస్థ యదియే. అందలి సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్యగారలు జొన్నయే ప్రధానాహారముగా గల నిరుపేద కూలీలలో పెలాగ్రా వ్యాధిని పరిశీలించిరి. ఎండ సోకిన మెడ, చేతులు, పాదములపై చర్మము నల్లబడి పొలుసులు లేచుట, అతిసారము, తుదకు చిత్తభ్రమ దాని లక్షణములు. ఐరోపా, అమెరికాలలో నది మొక్కజొన్న తినెడి పేదల వ్యాధి. నియాసిన్ లోపమే కారణమని 1937లో ఎల్వెహెం పరిశోధనతో తేటపడెను. నియాసిన్‌ను దేహము ట్రిప్టోఫాన్ అను అమైనో ఆమ్లమునుండియు కొంత తయారుచేసికొనును. జొన్నలో ట్రిప్టోఫాన్‌కు మొక్కజొన్నయందువంటి కొఱత లేకున్నను వ్యాధి కనబడుచుండుటచేత, వారు దానియందధికముగా నున్న ల్యూసిన్ అను మఱియొక అమైనో ఆమ్లమును దోషిగా నెంచిరి.

ల్యూసిన్ ట్రిప్టోఫాన్‌కు అడ్డుపడగల మార్గమొకటి కలదు. కొవ్వుతో నేర్పడిన కణపుపొరను ఈ అమైనో ఆమ్లములు తమంతట తాము సులభముగ దాటజాలవు. పొరలో నిమిడియున్న వాహక ప్రోటీనులే వానికి ద్వారములు. ల్యూసిన్, ట్రిప్టోఫాన్‌లు ఒకే ద్వారమున ప్రవేశించునవి యగుటచే ఒకటి మితిమీరి వచ్చినచో మఱియొకదాని ప్రవేశము తగ్గును. 1973లో గఫూరున్నీసా, నరసింగరావుగారలు ఎలుకల యకృత్తులో, ట్రిప్టోఫాన్‌నుండి పుట్టిన క్వినోలినిక్ ఆమ్లమును నియాసిన్ వైపు నడపు ఎంజైమును ల్యూసిన్ మందగింపజేయునని ప్రకటించిరి. ఆ క్వినోలినిక్ ఆమ్లమే నాడీకణముల పొరమీది గ్రాహకముల నుత్తేజపఱచునని పిమ్మట 1981లో వేఱొకచోట తేలెను. దీనిని పెలాగ్రా చిత్తభ్రమతో ముడివేయుట మనోహరమైన యూహయేగాని నిరూపణము కాదు. అంతేగాక, అన్యదేశముల ప్రయోగశాలలు కొన్ని ల్యూసిన్ దోషమునే కనుగొనలేకపోయినవి.

నా మట్టుకు, జొన్నను దోషిగా నిలుపుటకు మనసొప్పదు. అది యొంటరిగా మిగులుటయే దోషము. షోలాపురపు భాక్రితో వేరుసెనగ చట్నీ తినుట పరిపాటి. వేరుసెనగలో నియాసిన్ సమృద్ధిగా నున్నది. పప్పు, ఆకుకూర తోడైనచో భోజనము మఱింత సమగ్రమగును. అయితే నూలు ప్రియమై, పని చిక్కని మాసములలో కంచమునుండి ముందుగా తొలగునవి యివియే. గింజ కడదాక నుండును. నేతగాడు మగ్గపు నీడన నుండువాడగుటచే, పొలముకూలీవలె చర్మముపై నెండగుర్తు తేటపడకపోవచ్చును. ఆ కొఱత వైద్యుని కంట బడుటయు కష్టమే.

1983లో కిలో రెండురూపాయల బియ్యపు పథకము వచ్చిన పిమ్మట తెలుగునాట జొన్న వాడుక మఱింత తగ్గెను. షోలాపురమున మాత్రము కరకరలాడు కడక్ భాక్రి నేడు పొట్లములలో నంగడి కెక్కి, దూరపు నగరములకు విక్రయమునకు పోవుచున్నది.