పిల్లలకు చిన్న సమీక్ష: తెనాలివారి నుంచి నేర్చుకోదగినది

విద్యార్థులారా, పదేళ్ల పిల్లలకు ఒక వెబ్‌సైటును పరిచయం చేస్తూ ఆరు వాక్యాలు రాయమంటే మీలో చాలామంది "ఇది ఎంతో ఉపయోగకరమైనది, విజ్ఞానదాయకమైనది" అని మొదలుపెడతారు. ఆ వాక్యం పెద్దలను మెప్పించవచ్చు గాని, పిల్లలకు ఏమీ చెప్పదు.

పిల్లలకు క్లుప్తంగా రాయడానికి తెలుగులో ఒక చరిత్ర ఉంది. అందులో పెద్ద వాటా తెనాలిది. 1947 జూలైలో మద్రాసు నుంచి వెలువడిన 'చందమామ' స్థాపకుల్లో ఒకరైన చక్రపాణి తెనాలివారు. 1952 నుంచి 1980లో మరణించేవరకు ఆ పత్రిక సంపాదకత్వపు బరువు మోసిన కొడవటిగంటి కుటుంబరావు కూడా తెనాలిలోనే పుట్టారు. పెద్దలకు 'చదువు' వంటి నవల రాసిన ఆ చెయ్యే, వచ్చిన కథలను పిల్లల కోసం తిరగరాసేది. ఆ వచనాన్ని గమనించండి. వర్ణన తక్కువ, క్రియలు ఎక్కువ. ఎవరు ఏం చేశారు, తరవాత ఏమైంది అన్నదే నడక. పిల్లల్ని బుజ్జగించే గొంతు ఎక్కడా వినిపించదు. (ఈనాటి పిల్లల పుస్తకాల్లో నాకు అదే ఎక్కువగా వినిపిస్తుంది.)

ఆ పత్రికలో ఫోటో వ్యాఖ్యల పోటీ కూడా ఉండేది. రెండు ఫోటోలు ఇచ్చేవారు. ఒకదానితో ఒకటి సంబంధం ఉండేలా వాటికి వ్యాఖ్యలు రాసి పంపాలి. నాలుగు మాటల్లో పట్టేది రాయాలంటే ముందు బొమ్మను బాగా చూడక తప్పదు.

సమీక్షకూ ముందు చూపు కావాలి. 2003లో మొదలైన తెలుగు వికీపీడియానే తీసుకోండి. "వెతికే పెట్టెలో నీ ఊరి పేరు టైపు చెయ్యి. చదివాక 'చరిత్ర' అన్నచోట నొక్కు. ఆ పేజీని ఎవరెవరు, ఎప్పుడు మార్చారో కనిపిస్తుంది." పిల్లవాడు వెంటనే చేసి చూస్తాడు.

క్లుప్తత పేరుతో నిజాన్ని మాత్రం కుదించకూడదు. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ ఒకప్పుడు గుంటూరు జిల్లావే. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడింది. రేపల్లె అందులోకి వెళ్లింది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. పాత పేజీలు నేటికీ పాత మాటే చెబుతుండవచ్చు. అలాంటి పేజీని మీరు సమీక్షిస్తే, రేపల్లెలో చదివే పిల్లకు "ఇది 2022కు ముందు రాసింది, మీ జిల్లా ఇప్పుడు బాపట్ల" అన్న ఒక్క వాక్యం తప్పనిసరిగా రాయండి. చోటు చాలకపోతే పొగడ్త తీసేయండి.