బంగారు చేప: చైనా కొలను నుంచి మన ఇంటి తొట్టి దాకా

నేను చదివింది తమిళ మీడియం. తెలుగు రాయడం పెద్దయ్యాక నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించండి.

రెండేళ్ళ కిందటి మే నెల. మనవడి పుట్టినరోజుకి రెండు గోల్డ్‌ఫిష్‌లు, ఒక గుండ్రటి గాజు గిన్నె కొన్నాం. "కోల్డ్‌వాటర్ చేపలు సార్" అన్నాడు షాపతను. మన బీదర్ ఎత్తు మీద ఉందని పేరే గానీ, మే ఎండ సంగతి మీకు తెలుసు. పిల్లాడు ఆ మాట పట్టుకుని ఫ్రిజ్‌లోంచి ఐసుముక్కలు తెచ్చి గిన్నెలో వేశాడు. నేనూ వద్దనలేదు. మర్నాడు ఒకటి, మూడోరోజు రెండోది పోయాయి. "తాతా, నేనే చంపానా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. అప్పుడు కూర్చుని ఈ చేప చరిత్ర చదివాను.

దీని పూర్వీకులు చైనాలో బూడిదరంగు కార్ప్ జాతి చేపలు. వాటిలో అప్పుడప్పుడు ఎర్రగా, పసుపుగా ఒకటి పుట్టేది. అలాంటివాటిని చంపకుండా పుణ్యం కోసం బౌద్ధ ఆలయాల కొలనుల్లో వదిలేవారు. వెయ్యేళ్ళ కిందటి సాంగ్ వంశం కాలానికి కొలనుల్లో పెంచడం వేడుకైంది. తర్వాత మింగ్ కాలంలో వెడల్పాటి మట్టి తొట్లలో ఇళ్ళలోకి తెచ్చారు. 1596లో జాంగ్ చియాన్‌దె అనే ఆయన ఈ చేపల మీద ఒక పుస్తకమే రాశాడు.

అక్కణ్ణించి జపాన్. 1724లో యానగిసావా ప్రభువు యమతోకోరియామా పట్టణానికి మారినప్పుడు ఆయనతో పాటు ఈ చేపలూ వచ్చాయని చెప్తారు. మెయిజీ కాలంలో భత్యాలు పోయిన సమురాయ్‌లు చాలామంది అక్కడ ఈ చేపల పెంపకంతోనే బతికారు. పెన్షన్ మీద బతికే నాకు ఆ సంగతి మనసుకి తగిలింది.

గాజు పెట్టె చాలా తర్వాత వచ్చింది. 1850లో లండన్‌లో వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు చేప, మొక్క, నత్త కలిపి ఉంచితే నీళ్ళు చాలాకాలం బాగుంటాయని చూపించాడు. 1853లో లండన్ జూలో జనం చూడటానికి అక్వేరియం తెరిచారు. మన దేశంలో మద్రాసు మెరీనాలో 1909లోనే అక్వేరియం పెట్టారు. చిన్నప్పుడు నేను చేపలు చూసింది మాత్రం సెంట్రల్ స్టేషన్ పక్కన మూర్ మార్కెట్‌లో, సీసాల్లో. ఆ మార్కెట్ 1985లో కాలిపోయింది.

ఇన్ని వందల ఏళ్ళలో ఈ చేప బతికింది ఎక్కువగా కొలనుల్లో, వెడల్పాటి తొట్లలో. మన భాష కూడా అదే చెప్తోంది. తమిళంలో మీన్ తొట్టి, తెలుగులో తొట్టి, కన్నడంలోనూ తొట్టి. గిన్నె అని ఎవరూ అనలేదు.

గిన్నెలో ఏమవుతుందంటే, చేప విసర్జించేది అమోనియాగా మారుతుంది. కొంచెం నీళ్ళల్లో అది త్వరగా విషమవుతుంది. పైగా మూతి సన్నం కాబట్టి గాలి తగలదు. 20 డిగ్రీల నీళ్ళల్లో లీటరుకి సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల్లో ఏడున్నరే. కోల్డ్‌వాటర్ అంటే ఐసునీళ్ళు కాదు, హీటర్ అక్కర్లేదని మాత్రమే. 18 నుంచి 24 డిగ్రీలు వీటికి హాయి. ఐసుతో ఒక్కసారిగా చల్లబరిస్తే దెబ్బ తింటాయి.

రెండోసారి ఇలా చేశాం. రెండు చేపలకి వంద లీటర్ల తొట్టి, ఫిల్టర్. అమోనియాని మార్చే మేలు బాక్టీరియా పెరగడానికి నెలరోజులకి పైగా ఆగాం. ఎండ పడని మూల. వారానికోసారి పావువంతు నీళ్ళు మార్చడం, కుళాయి నీళ్ళయితే క్లోరిన్ పోయే మందు కలిపి. మే నెలలో నీటి మీదుగా చిన్న ఫ్యాన్ పెడితే, కుండలో నీళ్ళు చల్లబడినట్టే చల్లబడతాయి. చేపల్లో ఒంటితోక కామెట్ రకం గట్టిది. ఉబ్బుకళ్ళు, గుండ్రటి పొట్ట రకాలు నాజూకు. రెండిటినీ కలపొద్దు.

పెరిగిపోయాయని పాప్‌నాశ్ చెరువులోనో, నౌబాద్ కారేజ్‌లోనో వదలకండి. పుణ్యం అనుకుంటాం గానీ, ఇవి అడుగు తవ్వి నీళ్ళు బురద చేస్తాయి, వేరే చేపల గుడ్లు తింటాయి. బహమనీల కాలంలో భూమి కిందుగా అంత కష్టపడి తెచ్చిన నీరు అది.

ఇంగ్లాండులో 1956లో ఒక జాతరలో గెలుచుకున్న టిష్ అనే గోల్డ్‌ఫిష్ 1999 దాకా బతికింది. 43 ఏళ్ళు, నా సర్వీసు కంటే ఎక్కువ! మనం మూడు రోజుల బొమ్మగా కొంటున్నది అలాంటి ప్రాణిని.

మా రెండు చేపలు ఈ మే కూడా దాటాయి. మనవడికి ఇప్పుడు జవాబు చెప్పాను: "నువ్వు కాదు నాన్నా. తెలుసుకోకుండా గిన్నె కొన్న తాతది తప్పు."

మన సంఘం పిల్లల పుట్టినరోజులకి రిటర్న్ గిఫ్ట్‌గా చేపల గిన్నెలు ఇవ్వడం ఈ మధ్య ఎక్కువైంది. ఈ ఏడాది నుంచి అది మానేద్దామా? మీ మాట చెప్పండి.