ఎండ వంటచెరకు

గుంటూరు నల్లరేగడిలోని ప్రత్తిచేనికి మన్నే ఆహారమని పలువురు తలంతురు. అది సగము మాట. ఎండ సోకిన పచ్చని యాకులే గాలిని శుద్ధిచేయునని ఇంగెన్‌హౌస్ అను వైద్యుడు 1779లో చూపెను. గాలిలోని బొగ్గుపులుసు గాలిని, వేరు తెచ్చిన నీటిని కలిపి ఆకు చక్కెర వండును. ఎండయే దానికి వంటచెరకు. ఆ వంటలో శక్తిని మోయు ఏ.టి.పి. అను పదార్థమును 1929లో కండరములందు కనుగొన్నవారిలో నొకరు, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. జర్మనీలో లోమన్ కూడ ఆ యేడే కనుగొనెను. ఎండ తగిలిన ఆకుపచ్చ రేణువులును దానిని పుట్టించునని ఆర్నన్ 1954లో నిరూపించెను. సుబ్బారావుగారి పేరు మన పిల్లలలో పెక్కుమందికి తెలియకుండుట నాకు కష్టముగా నున్నది.

ఆ చక్కెరయే కాయలోనికి దిగి దూదిపోగగును. దూదిలో నూటికి తొంబదిపాళ్లకు పైగా దాని యల్లికయే. పురుగు ఆకు తినిన చేనిలో పిందె రాలుట యందువలననే. మిరపకును ఇంతే.