తెల్ల గలిజేరు: కలుపు తీసేటప్పుడు కూరకు ఏరుకుంటున్నారా?

తొలకరి వానలు పడగానే పత్తి, మొక్కజొన్న, వేరుశనగ చేలల్లో నేలంతా పరుచుకునే కలుపు తెల్ల గలిజేరు. కొన్నిచోట్ల అంబటిమాడు అంటారు. శాస్త్రీయ నామం ట్రయాంథిమా పోర్చులకాస్ట్రమ్. లేత ఆకు పెసరపప్పుతో వండితే రుచిగానే ఉంటుంది. పూత రాకముందే పీకితే విత్తనం నేలలో రాలదు, కాబట్టి కలుపు బెడదా తగ్గుతుంది.

దీన్ని పునర్నవ (అటికమామిడి) అనుకుని చాలామంది పొరబడుతున్నారు. గలిజేరు పువ్వు ఆకు కాడ మొదట్లో, సంచిలాంటి తొడుగులో ఒక్కటిగా, తెలుపు లేదా లేత గులాబీ రంగులో ఉంటుంది. పునర్నవకు సన్నని కాడల చివర చిన్న గులాబీ పూలు గుత్తులుగా వస్తాయి, కాయలు బట్టలకు అంటుకుంటాయి.

గలిజేరులో ఆక్సలేట్లు ఎక్కువ. లేత చివుళ్లే కోయండి. ముదురు ఆకు తింటే విరేచనాలు కావచ్చు. ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, ఆ తర్వాతే పప్పులో వేయండి. ఎప్పుడైనా ఒకసారి తినే కూర ఇది, రోజూ తినేది కాదు. మూత్రపిండాల్లో రాళ్లు ఉన్నవారు, కిడ్నీ జబ్బుకు మందులు వాడేవారు, గర్భిణులు దీని జోలికి పోకపోవడమే మంచిది. కిడ్నీలు బాగవుతాయని పచ్చి రసం, కషాయం తాగడం మరీ ప్రమాదం. ఆక్సలేట్లు చేటు చేసేది ఆ కిడ్నీలకే.

ఆకు కన్నా ముందు చూడాల్సింది చేనును. కలుపు మందు కొట్టిన వెంటనే మొక్క వాడదు, కొన్ని రోజులు పచ్చగానే కనిపిస్తుంది. మందు డబ్బా మీద రాసిన కోత గడువు పంటకే గానీ కలుపు మొక్కకు కాదు. పురుగుమందు పంట మీద కొట్టినా కింద ఉన్న గలిజేరు మీద పడుతుంది. ఉడికిస్తే మందు పోతుందని నమ్మకండి. ఆ సీజన్‌లో ఏ మందూ కొట్టని పెరటిలోనో, సొంత చెలకలోనో కోసుకోండి. పక్క రైతు చేను గట్టు మీద కోయాల్సి వస్తే ముందు ఆయన్ని అడగండి. కూలికి వచ్చి ఆకు ఏరుకునే ఆడవాళ్లకు, మందు కొట్టిన సంగతి మీరే చెప్పాలి.

ఆకలితో ఉన్న గొర్రెలను, పశువులను గలిజేరు దట్టంగా ఉన్న చోట వదలకండి. ఎక్కువగా మేస్తే రక్తంలో కాల్షియం పడిపోయి వణుకుతాయి, తూలి పడిపోతాయి. అలా కనిపిస్తే నాటు వైద్యంతో పొద్దు గడపక వెంటనే పశువైద్యుణ్ని పిలవండి.