ఆగడం నేర్చిన మగ్గం

పోగు తెగిందని మగ్గానికి ఎవరు చెబుతారు? చేతిమగ్గం మీద ఈ ప్రశ్నే పుట్టదు. గుంటలో కూర్చున్న నేతగాడి కాళ్ళూ చేతులూ కళ్ళూ మగ్గంలో భాగాలే. పడుగులో పోగు తెగితే వెంటనే తెలుస్తుంది, ఆపుతాడు, ముడివేస్తాడు, మళ్ళీ నేస్తాడు. మనిషిని పక్కకి జరిపి మగ్గాన్ని ఆవిరికో కరెంటుకో అప్పగించినప్పుడే చిక్కు మొదలైంది. మర నడక త్వరగానే నేర్చుకుంది. ఎప్పుడు ఆగాలో నేర్చుకోవడానికి నూరేళ్ళు పైగా పట్టింది. భివండిలో ఆ చదువు ఇంకా సగంలోనే ఉంది.

ముంబైకి ఈశాన్యాన, ఠాణే జిల్లాలో, ఆగ్రా రోడ్డు మీద ఉన్న మరమగ్గాల ఊరు భివండి. పాత కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి పొట్ట చేతపట్టుకుని వెళ్ళిన పద్మశాలీలు తరాలుగా అక్కడ నేస్తున్నారు. పద్మానగర్, కామత్‌ఘర్ వైపు వెళ్తే తెలుగు వినిపిస్తుంది. అక్కడి కార్ఖానాల్లో ఇవాళ ఆడుతున్న సాదా మగ్గానికి రెండు శతాబ్దాలు దాటిన వంశవృక్షం ఉంది. అందులో ఆసక్తికరమైన కొమ్మ మగ్గాన్ని ఆపే పరికరాలది.

నాడె చేరిందా?

మరమగ్గానికి 1785లో పేటెంటు తీసుకున్న ఎడ్మండ్ కార్ట్‌రైట్ నేతగాడు కాడు, ఇంగ్లండులో ఒక చర్చి మతాధికారి. ఆయన మొదటి మగ్గం బాగా మొరటుది. తర్వాతి పేటెంట్లలో దాన్ని సరిదిద్దుతూ పోయాడు, ఆపే ఏర్పాట్ల గురించి కూడా ఆలోచించాడు. అయితే కార్ఖానాలో ముందుగా భయపెట్టింది తెగిన పోగు కాదు, పేక పోగును మోసుకుపోతూ దారిలో చిక్కుకున్న నాడె. నాడె అవతలి పెట్టెలోకి చేరకుండా పడుగు మధ్యలో నిలిచిపోతే, వెనకనుంచి వచ్చిన పన్నె దాన్ని గుద్దుతుంది. ఒక్క దెబ్బకి వందల పోగులు తెగుతాయి. పడుగు చుట్టిన బీమును మళ్ళీ దారికి తేవడానికి గంటలు పడుతుంది.

గ్లాస్గోకి చెందిన రాబర్ట్ మిల్లర్ 1796లో దీనికి విరుగుడు పట్టుకొచ్చాడు. నాడె పెట్టెలో ఉంటే ఒక ఇనుప చువ్వ పైకి లేచి ఉంటుంది. లేకపోతే కిందికి దిగి ఎదురుగా ఉన్న దిమ్మెని తాకుతుంది, మగ్గం దఢాలున నిలిచిపోతుంది. సాదా మగ్గాల మీద ఈ ఏర్పాటు ఇప్పటికీ ఉంది.

రిచర్డ్ రాబర్ట్స్ 1822లో పోత ఇనుప చట్రంతో గట్టి మగ్గం తయారుచేశాడు. ఇరవై ఏళ్ళ తర్వాత, 1842లో, బ్లాక్‌బర్న్‌కి చెందిన విలియం కెన్‌వర్తీ, జేమ్స్ బుల్లో చేతుల్లో లాంకషైర్ మగ్గం రూపుదిద్దుకుంది. పేక తెగితే ఆపే ఫోర్కు దాని ప్రత్యేకత. పన్నె పక్కన చిన్న జాలీ, దానికి ఎదురుగా సన్నని పళ్ళున్న ఫోర్కు ఉంటాయి. పేక పడితే ఆ పోగే ఫోర్కు పళ్ళకి అడ్డుపడి, తోకని పైకి లేపుతుంది. పేక లేకపోతే పళ్ళు జాలీలోకి దూరిపోతాయి, తోక కిందే ఉండిపోతుంది. అప్పుడు ఊగుతూ వచ్చే సుత్తి దాన్ని పట్టి లాగుతుంది. హ్యాండిల్ జారి, బెల్టు వదులు పుల్లీ మీదికి వెళ్ళి, మగ్గం నిలుస్తుంది. ఇందులో కరెంటు లేదు, తీగ లేదు. బరువైన ఇనుప యంత్రం ఆడాలా ఆగాలా అన్నది ఒక నూలుపోగు నిర్ణయిస్తుంది. లాంకషైర్‌లో ఒక మనిషి నాలుగు మగ్గాలు చూడటం మామూలైంది కూడా ఇలాంటి ఏర్పాట్ల వల్లే.

పడుగు లెక్క వేరు

పేక ఒక్కసారికి ఒక్కటే పోగు. పడుగు అలా కాదు. అంగుళానికి 60 పోగుల చొప్పున 48 అంగుళాల పన్నాకి 2,880 పోగులు. వీటిలో ఏది ఎప్పుడు తెగుతుందో చెప్పలేం. ఒకటి తెగినా మగ్గం ఆడుతూనే ఉంటుంది, గుడ్డ పొడవునా గీత పడుతుంది. ఒక్కోసారి తెగిన కొస పక్క పోగులకి చుట్టుకుని వాటినీ తెంపుతుంది.

దీనికి నమ్మదగిన జవాబు అమెరికాలో దొరికింది. మసాచుసెట్స్‌లోని హోప్‌డేల్‌లో డ్రేపర్ కంపెనీ 1890ల నడుమ నార్త్‌రాప్ మగ్గాన్ని బజారులోకి తెచ్చింది. కండె అయిపోతే తానే కొత్త కండె వేసుకునే మగ్గం అది. పేక సంగతి మగ్గమే చూసుకుంటున్నప్పుడు, తెగిన పడుగు పోగు కోసం మనిషి అక్కడే కావలి ఉంటే లాభమేముంది? అందుకే ప్రతి పడుగు పోగు మీదా పల్చని ఉక్కు రేకును వేలాడదీశారు. పోగు బిగువుగా ఉన్నంతసేపు రేకు పైనే ఉంటుంది, తెగితే కింద పడుతుంది. భివండిలో మగ్గాలు బాగుచేసే జాబర్లు డ్రాపర్ అనేది దీన్నే. నార్త్‌రాప్ మగ్గాలతో ఒక్కరు పదహారు దాకా చూడగలిగారు.

కింద పడ్డ రేకు మగ్గాన్ని ఆపడానికి రెండు దారులు. ఒకటి, అటూ ఇటూ కదిలే పళ్ళ పట్టీకి రేకు అడ్డుపడి, ఆ అడ్డంకి మీటల ద్వారా హ్యాండిల్‌కి చేరడం. రెండోది కరెంటు దారి. డ్రాపర్ల నడుమ అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది. దాని బయటి తొడుగుకీ లోపలి పట్టీకీ మధ్య కరెంటు పారని పొర. రేకు కడ్డీ మీద పడగానే రెండిటినీ కలుపుతుంది. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే తక్కువ వోల్టు కరెంటు పారి విద్యుదయస్కాంతం పనిచేస్తుంది, మగ్గం ఆగుతుంది. నేలబారు నూలుగుడ్డ నేసే మగ్గంలోకి వైరింగ్ మోటారు కోసమే కాకుండా పోగు కోసం కూడా వచ్చిందంటే ఇక్కడినుంచే.

మగ్గం నుంచి మోటారు కారుకి

1867లో పుట్టిన వడ్రంగి కొడుకు సకిచి టొయోడా. పేక తెగితే తానే ఆగే మరమగ్గాన్ని 1896లో జపానులో తయారుచేశాడు. 1924లో వచ్చిన జి-రకం మగ్గం పరుగు ఆపకుండానే నాడె మార్చుకునేది, పోగు తెగితే మాత్రం ఆగేది. ఆ పేటెంటు హక్కుల్ని 1929లో ఇంగ్లండులోని ఓల్డ్‌హామ్ ప్లాట్ బ్రదర్స్ కంపెనీ లక్ష పౌండ్లకి కొనడానికి ఒప్పందం చేసుకుంది. ఒకప్పుడు ప్రపంచానికి మగ్గాలు అమ్మిన లాంకషైర్ జపాను నుంచి మగ్గం హక్కులు కొన్నది. టొయోడా మగ్గాల కంపెనీలో 1933లో మోటారు విభాగం మొదలైంది, 1937లో టొయోటా మోటారు కంపెనీ వేరుగా పుట్టింది. తప్పు జరిగితే యంత్రం తానే ఆగాలన్న మగ్గం సూత్రాన్ని వాళ్ళు కారు తయారీలోకి తీసుకెళ్ళి జిడోకా అని పిలిచారు.

పాత మగ్గం, కొత్త ఊరు

భివండి మరమగ్గాల చరిత్ర మోమిన్ నేతగాళ్ళతో మొదలవుతుంది. 1857 తిరుగుబాటు తర్వాతి దశాబ్దాల్లో ఉత్తరాది నుంచి వలస వచ్చిన ఈ ముస్లిం నేతగాళ్ళు చేతిమగ్గాలు పెట్టుకున్నారు. మహారాష్ట్రలో 1904లోనే ఇచల్‌కరంజిలో విఠల్‌రావు దాతార్ మరమగ్గం నడిపాడు. 1915లో ఖోపోలి జలవిద్యుత్ కేంద్రం నుంచి టాటాల కరెంటు ముంబై మిల్లులకి చేరింది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందే భివండిలోనూ కరెంటు మగ్గాలు ఆడాయి. మిల్లులో పొడవాటి ఇరుసు, దానిమీది బెల్టులు వందల మగ్గాల్ని ఒక్కసారి తిప్పేవి. ఇక్కడ మగ్గానికి ఒక చిన్న మోటారు. అందుకే నాలుగు మగ్గాలున్నవాడూ కార్ఖానాదారే అయ్యాడు. ఆ మగ్గాల్లో చాలావరకు ముంబై మిల్లులు వదిలించుకున్న పాత సామానే.

1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ నాయకత్వంలో ముంబై మిల్లుల సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది పని ఆపారు. సమ్మె పొడవునా, ఆ తర్వాతా మిల్లుల నేత పని భివండి వైపు మళ్ళింది. షెడ్లు పెరిగాయి. తెలంగాణ పల్లెల నుంచి వెళ్ళేవాళ్ళు పెరిగారు. అక్కడ పని నేర్చి తిరిగొచ్చినవాళ్ళ చేతుల్లోనే తెలంగాణలోని సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) ఎన్నో ఆడాయి.

మిల్లుల నుంచి షెడ్లకి మగ్గాలు చేతులు మారడంలో ఆపే పరికరాలు వెనకబడ్డాయి. మన దేశపు సాదా మరమగ్గాల్లో ఎక్కువ భాగానికి పడుగు పోగు తెగితే ఆగే ఏర్పాటు లేదు. పేక ఫోర్కు ఉన్నచోట కూడా అన్నిసార్లూ పనిచేయదు. ఆ లోటు మనిషి కళ్ళు తీర్చాలి. నిమిషానికి 140 పేకలు కొట్టే మగ్గం, అంగుళానికి 60 పేకల గుడ్డ నేస్తోందనుకుందాం. నిమిషానికి రెండు అంగుళాలు పైచిలుకు గుడ్డ దిగుతుంది. కార్మికుడు వరస చివరి మగ్గం దగ్గర ముడివేస్తూ పది నిమిషాలు ఇటు చూడలేకపోతే 23 అంగుళాలు పాడవుతుంది. కూలీ మీటరు లెక్కన. పాడైన గుడ్డకి కోత పడితే ఆ కోత నేరుగా ఇంటి ఖర్చులోంచే.

యజమానులు వైరింగ్ దారి పట్టకపోవడానికీ కారణాలున్నాయి. భివండి కరెంటు చాలాకాలం నమ్మదగింది కాదు. 2007 జనవరి 26న పంపిణీ బాధ్యత ప్రైవేటు సంస్థ టోరెంట్ పవర్ చేతికి వెళ్ళేనాటికి ఊరికి వచ్చే కరెంటులో సగానికి పైగా నష్టాల ఖాతాలోనే పోయేది, ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోవడం సాధారణం. ఇక నూలు దుమ్ము సంగతి. పీచు కడ్డీల మీద పేరుకుంటే పోగు తెగినా తీగకి తెలియదు. ఒక్కోసారి పోగు వదులైతే చాలు, డ్రాపర్ తగిలి ఊరికే ఆగుతుంది. మీటరు కూలీ మీద బతికేవాడికి అలాంటి ఆగుడు ప్రతిదీ నష్టమే. అందుకే తీగ పీకేసి మగ్గం ఆడించడం కూడా ఉంది.

పాత ఒంటికి ఏ తీగలు?

పాత యంత్రానికి కొత్త తీగలు వేయడం మగ్గాల చిక్కు ఒక్కటే కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా కుర్రాళ్ళు 1932 నాటి పాత ఫోర్డు కార్లు కొని, పెరట్లో విప్పి, పెద్ద ఇంజన్లు బిగించి హాట్ రాడ్‌లు చేసుకున్నారు. ఆనాటి కార్ల తీగలకి పైన నూలు అల్లిక ఉండేది, అది చివికిపోయేది. ఫోర్డు కార్లు 1955 దాకా 6 వోల్టులవే, 1956 నమూనాల నుంచి 12 వోల్టులు వచ్చాయి. కనుక పాత బండి కట్టేవాడు ముందు లెక్క రాసుకోవాలి. ఎన్ని దీపాలు, ఏ ఫ్యాను, ఎంత కరెంటు, ఎన్ని ఫ్యూజులు అని తేల్చుకున్నాకే తీగల కట్ట కొనాలి. మన సాదా మగ్గానికీ అదే క్రమం.

కేంద్ర జౌళి శాఖ సాదా మగ్గాన్ని ఉన్నచోటే మెరుగుపరిచే పథకం తెచ్చింది. పేక ఆపే పరికరం, పడుగు ఆపే పరికరం, బీమును సమంగా వదిలే ఏర్పాటు, మంచి బ్రేకు అందులోని ముఖ్య భాగాలు. దాన్ని కలుపుకుని పవర్‌టెక్స్ ఇండియా పథకాన్ని 2017 ఏప్రిల్ 1న భివండిలోనే ప్రారంభించారు.

పరికరం కొనేవాళ్ళు మొదట చూడాల్సింది మెయిన్. మోటారుకి ఓవర్‌లోడ్ రిలే ఉన్న స్టార్టరు, మూడు ఫేజుల్లో ఒకటి పోతే ఆపేసే రక్షణ, మగ్గం చట్రానికి సరైన ఎర్తింగ్ లేకుండా పైన ఎంత ఖరీదైన పెట్టె బిగించినా వృథా. పీచు నిండిన షెడ్డులో ఒక్క నిప్పురవ్వ చాలు. పోగుని కనిపెట్టే తీగల్ని మోటారు తీగలతో ఒకే గొట్టంలో కలపకూడదు. తర్వాత నూలు చూడాలి. సన్న పోగుకి తేలిక డ్రాపర్, దొడ్డు పోగుకి బరువైనది. పాలిస్టర్ పోగు మీద బరువు ఎక్కువైతే పోగే ఒరుసుకుని చెడుతుంది. పోగులు చిక్కగా ఉన్నకొద్దీ డ్రాపర్లను ఎక్కువ వరసల్లో పంచాలి. ప్రతి పోగునీ డ్రాపర్ కంట్లోంచి తీయాలి కనుక అచ్చు పని పెరుగుతుంది, ఆ ఖర్చూ కలుపుకోవాలి. బ్రేకు పట్టని మగ్గానికి ఇవేవీ పనికిరావు. ఆపమని తీగ చెప్పాక కూడా నాలుగు పేకలు పడితే గుడ్డ మీద చార మిగులుతుంది.

లాంకషైర్ నుంచి హోప్‌డేల్ దాకా చరిత్ర చెప్పేది ఇంకొకటి ఉంది. మగ్గం ఆగడం నేర్చిన ప్రతిసారీ ఒక మనిషి చూసే మగ్గాల సంఖ్య పెరిగింది. కళ్ళకి తగ్గిన భారం కాళ్ళ మీదికి రాకూడదంటే మాట ముందే అనుకోవాలి. భివండిలోనైనా సిరిసిల్లలోనైనా పాత మగ్గం మీద డబ్బు పెట్టే యజమానులు వేగం కంటే ముందు బ్రేకునీ, ఎర్తింగ్‌నీ, డ్రాపర్లనీ కొనండి. కొన్నరోజే కార్మికులతో కూర్చుని ఒక్కొక్కరికి ఎన్ని మగ్గాలో, మీటరు రేటు ఎంతో తేల్చి కాగితం మీద పెట్టండి. అప్పుడే ఆ తీగని ఎవరూ పీకెయ్యరు.