ముప్పై మార్కులు ఎంత బరువు? విశ్వవిద్యాలయ ప్రవేశాల్లో ఇంటర్వ్యూ

శ్రీనగర్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల 1979-80 ప్రవేశాలకు రాతపరీక్షకు 100 మార్కులు, మౌఖిక పరీక్షకు 50 మార్కులు పెట్టింది. రాతలో లెక్కలకు 35, భౌతిక, రసాయన శాస్త్రాలకు చెరి 25, ఇంగ్లిషుకు 15. అంటే ఇంజనీరు కావాలనుకున్న కుర్రాడు లెక్కలన్నీ తప్పులేకుండా చేసినా వచ్చేది 35. కమిటీ ముందు కూర్చుని లేస్తే రాగలిగింది 50. ఆ యాభైని లోకజ్ఞానానికి 15, ఒక విషయాన్ని విశాలంగా అర్థం చేసుకునే శక్తికి 15, చదువేతర వ్యాపకాలకు 10, వ్యక్తిత్వానికి 10 చొప్పున పంచారు. ఒక్కొక్కరికి దక్కిన సమయం రెండు మూడు నిమిషాలు. అందులోనూ అడిగింది మీ నాన్న ఎవరు, మీ ఊరేది అనేనని సీటు రాని విద్యార్థులు సుప్రీంకోర్టుకు చెప్పుకున్నారు. ఇంటర్వ్యూ చేసినవాళ్లెవరూ కాదనలేదు గనుక కోర్టు ఆ మాటనే ఖాయం చేసుకుంది.

ఇదే అజయ్ హాసియా కేసు. న్యాయశాస్త్ర విద్యార్థులకు ఇది రాజ్యాంగం 12వ అధికరణం కింద గుర్తు. సొసైటీ నడిపే కళాశాల కూడా ‘రాజ్యం’ కిందికి వస్తుందా అన్నది అందులో తేలింది. ఇంటర్వ్యూ సంగతి పాఠ్యపుస్తకాల్లో తోకలా మిగిలిపోయింది. నా మటుకు నాకు ఆ తోకే ముఖ్యం. 1980 నవంబరులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తరఫున జస్టిస్ భగవతి తీర్పు రాస్తూ, మూడింట ఒక వంతు మార్కులు ఇంటర్వ్యూకు కేటాయించడం నిరంకుశమనీ, 15 శాతం దాటితే చెల్లదనీ అన్నారు. ఇంటర్వ్యూను టేప్ చేస్తే మంచిదని కూడా సూచించారు. అప్పటికి ఏడాదిన్నర గడిచిపోవడంతో చేరినవాళ్లను తీసెయ్యలేదు. సీటు రానివాళ్లలో మెరుగైన 50 మందిని 1981-82లో అదనపు సీట్లలో చేర్చుకునేందుకు కళాశాల ఒప్పుకుంది.

ఈ చర్చకు ముందూ వెనుకా ఇద్దరు తెలుగు న్యాయమూర్తులున్నారు. 1964లో చిత్రలేఖ కేసులో, మైసూరు రాష్ట్రం మెడికల్, ఇంజనీరింగ్ సీట్లకు పెట్టిన ఇంటర్వ్యూ చెల్లుతుందని మెజారిటీ తీర్పు రాసినవారు కోకా సుబ్బారావు. పద్ధతిని దుర్వినియోగం చేయవచ్చు గనుక పద్ధతే తప్పని అనలేమన్నది అక్కడి తర్కం. 1981లో లీలాధర్ కేసులో, రాజస్థాన్ జ్యుడీషియల్ సర్వీసు నియామకాల్లో ఇంటర్వ్యూకు 25 శాతం ఉండవచ్చని ఒప్పుకున్నవారు ఓ. చిన్నపరెడ్డి. కాలేజీలో చేరబోయే పిల్లల వ్యక్తిత్వం ఇంకా రూపుకట్టలేదు, దాన్ని తూచి లాభం లేదు. ఉద్యోగానికి వచ్చే పెద్దల విషయంలో ఇంటర్వ్యూకు చోటు ఎక్కువే ఇవ్వవచ్చు అని ఆయన తేడా చూపించారు. ఎంసెట్ ర్యాంకుతో సీటు తెచ్చుకున్న మన తరాలకు బీటెక్ ఇంటర్వ్యూ ఊహకే రాదు. చిక్కంతా పీహెచ్‌డీ దగ్గర. ఇరవై నాలుగేళ్ల పరిశోధక విద్యార్థిని పిల్లల్లో లెక్కెయ్యాలా, పెద్దల్లో లెక్కెయ్యాలా?

యూజీసీ ఈ ప్రశ్నను నేరుగా ఎదుర్కోలేదు, అంకెలు మాత్రం మార్చుతూ వచ్చింది. 2016 నిబంధనలు రాతపరీక్షను గట్టెక్కే మెట్టుగా మాత్రమే ఉంచాయి. వాటిని అమలు చేసిన జేఎన్‌యూలో 2017 నాటికి ఎంపిక మొత్తం మౌఖిక పరీక్ష చేతికి వెళ్లింది. 2018 సవరణతో రాతకు 70, ఇంటర్వ్యూకు 30 అయ్యాయి. 2024 జూన్ నుంచి నెట్ స్కోరుతో వచ్చేవారికీ అదే 70, 30. జేఆర్‌ఎఫ్ తెచ్చుకున్నవారికి మాత్రం ఇంటర్వ్యూయే సర్వం.

మూడో వంతు, పావు వంతు, 15, 30 అని వాదించుకుంటున్న వీళ్లంతా ఒక లెక్క మరిచారని నా అభిప్రాయం. ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఆరు సీట్లకు ముప్పై మందిని పిలిచారు. అందరూ ఒకే జల్లెడలోంచి వచ్చినవాళ్లు గనుక రాతలో మార్కులు దగ్గర దగ్గరగా ఉంటాయి. 70కి 41 నుంచి 47 దాకా అనుకోండి. ఇంటర్వ్యూలో బోర్డు 8 నుంచి 27 దాకా వేసింది. రాతలో అందరికన్నా ముందున్నవాడికి ఇంటర్వ్యూలో 9 వస్తే మొత్తం 56. అందరికన్నా వెనకున్నవాడికి 26 వస్తే 67. కాగితం మీద 70, 30. ఆచరణలో రాత చూపగలిగిన తేడా 6 మార్కులు, ఇంటర్వ్యూ చూపిన తేడా 19. ఇంటర్వ్యూను 15కు తగ్గించి రాతను 85కు పెంచినా, బోర్డు చెయ్యి అలాగే ఆడితే అటు 7 చిల్లర, ఇటు తొమ్మిదిన్నర. పరీక్ష బరువు దానికి కేటాయించిన మార్కుల్లో లేదు, ఆ మార్కులు ఎంత చెదిరాయన్నదాంట్లో ఉంది.

కొన్నేళ్ల కిందట ఒక విశ్వవిద్యాలయం పీహెచ్‌డీ ప్రవేశాలకు నన్ను సబ్జెక్ట్ ఎక్స్‌పర్ట్‌గా పిలిచింది. భోజనాల తర్వాత వచ్చిన ఒక అమ్మాయి చెరువు నీళ్లు పంచే నీరటికాండ్ల మీద సినాప్సిస్ రాసుకొచ్చింది. రాతలో మూడో స్థానం. ఆ సంగతి చైర్మన్‌గారు ముందే పైకి చదివారు, చదవకుండా ఉండాల్సింది. ఒక సభ్యుడు, “మీ నాన్నగారేం చేస్తారమ్మా?” అన్నారు.

“నీరటి సార్.”

శ్రీనగర్‌లో వేసిన ప్రశ్నే, కానీ ఇక్కడ జవాబులో పరిశోధన ఉంది. తూము ఎత్తినప్పుడు ఎవరి మడికి ముందు నీళ్లు వెళ్లాలి, కరువు ఏడు ఆ వరస ఎలా మారుతుంది, ఆ లెక్క ఎవరి తలలో ఉంటుంది? అడగడానికి ఇన్ని ఉన్నాయి. ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఇంకో సభ్యుడు “వై దిస్ టాపిక్?” అన్నారు. అమ్మాయి ఇంగ్లిషులో రెండు వాక్యాలు పేర్చుకుంటూ మధ్యలో ఆగిపోయింది. “ఓకే, యూ కెన్ గో.” మొత్తం ఆరేడు నిమిషాలు. నేను 18 వేద్దామని పెన్ను తీశాను. “పన్నెండు చాలేమో” అన్నారు చైర్మన్‌గారు. పదమూడు వేశాను. జాబితాలో ఆ పేరు సీట్ల గీతకు కింద పడింది.

ఆ అయిదు మార్కులు నేను ఎక్కడ పోగొట్టానో చెప్పగలను గానీ, ఆ అమ్మాయిలో ఏ లోపం చూసి తగ్గించానో చెప్పలేను. ఇది నా ఒక్కడి బలహీనత అయితే వ్యాసం అక్కర్లేదు. జేఎన్‌యూలో ప్రొఫెసర్ అబ్దుల్ నఫే కమిటీ రాత మార్కులనూ మౌఖిక మార్కులనూ పక్కపక్కన పెట్టి చూసి, రెంటి మధ్య తేడా వివక్షను సూచించే తీరులో ఉందని చెప్పింది; ఇంటర్వ్యూ 30ని 15కు తగ్గించమంది. తగ్గింపు మాట అందరి నోటా పడింది. నాకు ఎక్కువ విలువైనదిగా తోచింది రెండు నిలువు వరసలను పక్కపక్కన పెట్టిన ఆ పని. ప్రతి విశ్వవిద్యాలయమూ ఏటా చేయదగినది, ఖర్చు లేనిది.

బోర్డు ముద్ర నిజంగా భవిష్యత్తును చెబుతుందా? దీనికి అనుకోకుండా ఒక ప్రయోగం జరిగింది, అదీ యాభై మందితోనే. 1979లో టెక్సస్ శాసనసభ హ్యూస్టన్ మెడికల్ స్కూలు సీట్లను 150 నుంచి 200కు పెంచింది. అప్పటికే ఎంపికలు అయిపోవడంతో, మొదట వద్దనుకున్న వారిలోంచే 50 మందిని తీసుకున్నారు. వారికీ ముందు ఎంపికైనవారికీ ఉన్న ముఖ్యమైన తేడా ఇంటర్వ్యూ చేసినవారి అభిప్రాయమే. 1987లో వెలువడిన అధ్యయనం ప్రకారం చదువు పూర్తయ్యేసరికి రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కెనడాలోని మెక్‌మాస్టర్ మెడికల్ స్కూలువారు ఇంటర్వ్యూను మానకుండా ముక్కలు చేశారు: దాదాపు పది చిన్న గదులు, గదికో పరీక్షకుడు, గదికో వేరే సందర్భం. ఒక గదిలో తడబడినవాడు పక్క గదిలో కొత్తగా మొదలుపెట్టవచ్చు. ఒకరి మాట ఇంకొకరి చెవిలో పడదు.

అందుచేత పీహెచ్‌డీకి ఇంటర్వ్యూ వద్దని నేననను. గైడు, విద్యార్థి అయిదేళ్లు కలిసి పని చేయాలి. ప్రశ్న విద్యార్థి సొంతమా, ఎవరిదగ్గరో తెచ్చుకున్నదా అన్నది మాట్లాడితేనే తెలుస్తుంది. ఆ పనికే ఇంటర్వ్యూ అయితే ప్రశ్నలు సినాప్సిస్ నుంచే రావాలి, విద్యార్థి ఆలోచించే భాషలో జవాబు చెప్పనివ్వాలి. సభ్యులకు రాత మార్కులు తెలియకూడదు, ఎవరి మార్కులు వారు చర్చకు ముందే రాసి కవరులో పెట్టాలి. ‘వ్యక్తిత్వం’ అన్న పద్దు తీసెయ్యాలి. ఇక రికార్డింగు. 1980లో దానికి టేప్‌రికార్డరు కొని తేవాల్సి వచ్చేది. ఆ మధ్యాహ్నం మేం కూర్చున్న బల్ల మీద అయిదు సెల్‌ఫోన్లు బోర్లా పెట్టి ఉన్నాయి.