హైదరాబాదు బెలూనులు – అంతరిక్ష ఖగోళ పరిశోధన

హైదరాబాదునకు ఖగోళశాస్త్రము క్రొత్తది కాదు. 1901లో నవాబు జఫర్ జంగ్ 15 అంగుళముల దూరదర్శినిని ఇంగ్లండునుండి తెప్పించి వేధశాలను నెలకొల్పెను. 1908లో నిజాం ప్రభుత్వమును, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయమును దాని నిర్వహణభారమును వహించినవి. అంతర్జాతీయ నక్షత్రపట నిర్మాణమున ఆ వేధశాల తన వంతు ఆకాశఖండమును పూర్తిచేసి పేరు గడించెను.

అయినను నేలపై నిలిచిన దుర్భిణికి ఒక హద్దు గలదు. నక్షత్రములు వెలువరించు ఎక్సు కిరణములను వాయుమండలము మనదాక రానీయదు. ప్రాణికోటికి రక్షయైన ఆ ఆవరణమే జ్యోతిశ్శాస్త్రజ్ఞునకు అడ్డుతెర. ఆ తెరను దాటుటకు రాకెట్టు ఒక్కటే మార్గము కాదు. హోమీ భాభా స్థాపించిన టాటా మౌలిక పరిశోధన సంస్థవారు పలుచని ప్లాస్టిక్ బెలూనులను ఎన్నుకొనిరి. భూఅయస్కాంత మధ్యరేఖకు చేరువయగుటచే హైదరాబాదుపై విశ్వకిరణముల ఒత్తిడి తక్కువ; సున్నితములైన కొలతలకిది మిక్కిలి అనుకూలము. 1968లో ఎక్సు కిరణ పరిశోధనకై ఇచ్చటినుండి బెలూను ఎగిరినది. తరువాత పరారుణ కిరణములను పట్టు 100 సెంటీమీటర్ల దూరదర్శినియు అట్లే పైకేగినది.

ఉదజని నింపిన బెలూను 30, 40 కిలోమీటర్ల ఎత్తున గంటలకొలది తేలియాడును. పని ముగిసినపిమ్మట రేడియో ఆజ్ఞతో పరికరము విడివడి పారాచూటుపై నేలకు దిగును. ఇందే దీని విలువ యున్నది. ఉపగ్రహములోని గ్రాహకము చెడినచో దానిని బాగుచేయువాడు లేడు. బెలూనుతో దిగివచ్చినదానిని విప్పి, లోపమెరిగి, దిద్ది, మరల పంపవచ్చును. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోటనుండి 650 కిలోమీటర్ల కక్ష్యకేగిన ఆస్ట్రోశాట్ నందలి జెనాన్ వాయు గ్రాహకములకు పూర్వరూపములు ఈ బెలూనులపై ఆరితేరినవే.

అయితే గాలి యెటు వీచిన అటే బెలూను పోవును. పరికరము నగరమునకు 200 కిలోమీటర్లకు పైబడిన దూరమునను దిగవచ్చును. 100 కిలోమీటర్ల దూరముననున్న సిద్ధిపేట ఆ పరిధిలోనిదే. వరిమడిలోనో మొక్కజొన్న చేలోనో దిగిన పెట్టెను ఎవరైన కుతూహలముచే విప్పినచో ఏండ్ల శ్రమ వ్యర్థమగును. లోపల అధిక వోల్టేజి విద్యుత్తు ఉండవచ్చును గనుక ప్రాణభయమును గలదు. 2022 డిసెంబరు 7న వికారాబాదు జిల్లా మొగిలిగుండ్లలో దిగిన వింతపెట్టెను చూడ జనము గుమిగూడిరి. అది ఖగోళ పరికరము కాదు, ఒక స్పెయిన్ సంస్థవారి పరీక్షాపేటిక. ఎగిరినది మాత్రము ఈ హైదరాబాదు కేంద్రమునుండియే. అందుచేతనే ప్రయోగమునకు ముందు సంస్థవారు ప్రకటనలిత్తురు: పెట్టెను కదల్చరాదు, పోలీసు ఠాణాకు గాని తపాలా కార్యాలయమునకు గాని తెలుపవలెను, తెలిపినవారికి తగిన బహుమానముండును.